సహాయమునకు పోవువారు

మా తిరుత్తంగల్ ఊరిలో ఒక చిన్నకొండ కలదు. దానిపై నిన్ర నారాయణ పెరుమాళ్ళు నిలుచుండి దర్శన మొసగును. 108 దివ్యదేశములలో ఇది యొకటి. అదే కొండపై కరునెల్లినాథుడను పేర శివుడును వెలసియున్నాడు. ఒకే కొండను ఇరువురు దేవుళ్ళు పంచుకొనిన చోట ఒకే వీధిని రెండు భాషలు పంచుకొనుట వింత కాదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము: ఇది మా బ్రతుకు. ఈ బ్రతుకు మాకు నేర్పినదేమి, నేర్పనిదేమి అని ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

తమిళుల మహాకావ్యమగు శిలప్పదికారమున మా ఊరి ప్రస్తావన కలదు. అప్పటి పేరు తంగాల్. చోళదేశపు బ్రాహ్మణుడైన పరాశరుడు చేరరాజు వద్ద సత్కారమంది, ధనముతో తిరిగి వచ్చుచు ఈ ఊరి రావిచెట్టు క్రింద విశ్రమించెను. చుట్టు మూగిన పిల్లలలో వార్తికుడనువాని కుమారుడు, మాటలింకను తిరుగని నోటితోనే, తప్పు లేక వేదము చెప్పెను. పరాశరుడు మురిసి ఆ బిడ్డకు ఆభరణము లిచ్చి తన దారిని పోయెను. పేద యింట హఠాత్తుగా బంగారము కనబడగానే రాజభటులు, ఇది రాజునకు చెందవలసిన నిధి అని అనుమానించి, తండ్రిని చెరసాలలో పెట్టిరి. ఆ యిల్లాలు గోలుగోలున ఏడ్చెను. అమ్మవారి గుడి తలుపులు తెరువబడలేదు. పాండ్యరాజు విచారించి, జరిగిన అన్యాయము తెలిసికొని, వార్తికుని విడిపించి, క్షమింపుమని వేడి, తంగాల్, వయలూరు గ్రామములను అతనికి ఇచ్చెను.

చిన్ననాట ఈ కథ విన్నప్పుడు రాజు న్యాయబుద్ధియే మాకు గొప్పగా తోచినది. ఇప్పుడు మా దృష్టి పరాశరుని మీదికి పోవుచున్నది. అతని మనసు మంచిది. దానము మంచిది. పాత్రుడును యోగ్యుడే. కాని తాను ఇచ్చినది ఆ యింటికి ఏమి తెచ్చిపెట్టునో, ఆ ఊరిలో ఎవరు ఎవరిని ఏ కంటితో చూతురో అతడు అడుగలేదు. ఇచ్చి వెడలిపోయెను. శిక్ష పడినది పుచ్చుకొనినవానికి. నేడు దేశదేశములనుండి వరదలకు, భూకంపములకు, యుద్ధములకు సహాయము కొనిపోవువారిని తలచుకొనినప్పుడెల్ల మాకు ఈ పరాశరుడే జ్ఞప్తికి వచ్చును. అటువంటి పనికి ఎట్టివారిని ఎన్నుకొనవలెను, ఎట్లు తీర్చిదిద్దవలెను అను ప్రశ్న మాకు పుస్తకములలో దొరకినది కాదు. మా తప్పిదమునుండి పుట్టినది.

మనము ఈ దేశమునకు ఎట్లు వచ్చితిమో చదువరులకు చెప్పనక్కరలేదు. 1529వ సంవత్సర ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధుర నేలుటతో, ఆ పిమ్మట ఏర్పడిన 72 పాళెములతో మన పూర్వుల రాక ముడిపడియున్నది. నల్లరేగడి నేలను దున్ని, ప్రత్తి పండించి, తమిళుల పండుగలు చేసికొనుచు, పెండ్లిపందిట మాత్రము తెలుగు మాటలను విడువక నిలిచితిమి. కోవిల్‌పట్టి దాపున ఇడైసేవల్ గ్రామమున తెలుగు మాటలాడు యింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ కరిసల్ నేలలోని తమిళ పలుకుబడికి నిఘంటువు కూర్చి, మన వలస కథను గోపల్ల గ్రామమను తమిళ నవలగా వ్రాసి, దాని కొనసాగింపగు గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో సాహిత్య అకాడమి బహుమానమందిరి. ఇంటి భాష ఒకటి, ఊరి భాష మరొకటి అయినవాడు రెండింటిని శ్రద్ధగా వినునని ఆయన జీవితమే చాటును. ఆయన 2021లో పరమపదించిరి. మాకును అట్టి గర్వమే యుండెను: రెండు భాషలవారము, రెండు లోకముల మర్యాద లెరిగినవారము, మాకు తెలియని మనిషి ఉండడు అని.

2004 డిసెంబరు 26న సముద్రము పొంగి తమిళతీరమును ముంచినది. ఒక్క నాగపట్టణము జిల్లాలోనే 6,000కు పైగా జనులు మరణించిరి. వారము దినములలో దేశవిదేశముల సంస్థలెన్నియో ఆ చిన్న పట్టణమున దిగినవి. అందొక విదేశ సంస్థకు ఆంగ్లము, తమిళము తెలిసినవారు కావలసివచ్చిరి. మేము 2005 జనవరిలో దుబాసీగా చేరితిమి. రెండు మాసములు గడచునప్పటికి, నమ్మకము కుదిరినదో, వేరెవరు దొరకకనో, క్రొత్త ఉద్యోగులను ఎన్నుకొను బల్ల వద్ద మాకును ఒక కుర్చీ వేసిరి.

ఆ దినములలో మేము చూచిన చిత్రములు నేటికిని కన్నులకు కట్టినట్లున్నవి. దూరపు ఊళ్ళనుండి లారీలలో వచ్చిన పాతబట్టలు దారిప్రక్కన గుట్టలుగా పడియుండెను. తమ కష్టముతో బ్రతికిన బెస్తలు పరులు కట్టి విడిచిన చీరలను ముట్టుటకు నామోషిపడిరి. సర్వము పోయినను అభిమానము పోలేదని పంపినవారికి ఎట్లు తెలియును? పడవలు పంచినవారును పలువురు. ఎవరికి వారు తమ పడవకు తమ పేరు వ్రాయించుకొన గోరిరి. కట్టుమరముపై బ్రతికిన పల్లెలకు ఫైబరు పడవలు వచ్చినవి. కొన్నిచోట్ల మునుపటికంటె పడవలే అధికమైనవి. ఆ సముద్రమున చేపలెన్ని, ఆ వలలాగు చేతులెన్ని అని లెక్కచూచినవారు తక్కువ. 2006లో వెలువడిన అంతర్జాతీయ సమీక్షయు ఈ మాటనే వేరు విధముగ చెప్పినది: వెలుపలివారి తొందర స్థానికుల శక్తిని ప్రక్కకు నెట్టినదని.

ఇక మా సంగతి. ఊళ్ళలో తిరిగి, కుటుంబముల జాబితా వ్రాసి, సహాయము చేర్చు పనికి నలుగురు కావలెను. ముప్పదిమంది వచ్చిరి. ప్రశ్నలన్నియు ఆంగ్లమున. ఒత్తిడిలో పనిచేయగలరా, నివేదిక వ్రాయగలరా, గణనయంత్రము తెలియునా? పట్నములో చదివి వచ్చినవారు చక్కగా జవాబు చెప్పిరి. చివరలో ఒక యువకుడు వచ్చెను. మా ప్రాంతపు పురపాలక సంఘమున వీధులూడ్చువారి కాలనీలో పుట్టినవాడు. ప్రళయానంతరము శవములను తొలగించుటకు ప్రక్క పట్టణములనుండి పారిశుద్ధ్య కార్మికులను లారీలలో తెచ్చిరి కదా, వారితో వచ్చెను. మోటుగా ఉన్న చేతితొడుగులతో, కొన్నాళ్ళు అవియును లేక, పండ్రెండు దినములు పనిచేసి, తోడివారు తిరిగిపోయినను తాను నిలిచిపోయెను. పండ్రెండవ తరగతి చదివినవాడు. ఆంగ్లము తడబడుచుండెను.

బల్ల వద్దనున్న విదేశపు అధికారిణి అతని మాతృభాష యేదని అడిగినది. తెలుగు అని అతడు చెప్పెను. ఆమె సంతోషముతో మా వంక తిరిగి, మీదియు తెలుగే కదా అనినది. అప్పుడు మేమేమంటిమో వ్రాయుటకు చేయి సాగుటలేదు. అయినను వ్రాయవలెను. “ఔను గాని, మాది వేరు తెలుగు” అంటిమి.

అతడు మా మాట వినెను. తల వంచలేదు, కోపగింపలేదు. మమ్ము ఒక్కమారు చూచి మరల ఆమె వంక తిరిగెను. మేము అతని కాగితముపై ఆంగ్లము చాలదని వ్రాసి తక్కువ మార్కులు వేసితిమి. ఆ వ్రాత అబద్ధము కాదు. కాని నిజమును కాదు.

ఎన్నికైన నలుగురిలో ఒక పట్టభద్రునకు ఒక బెస్తపల్లె నొప్పగించితిమి. తెలివైనవాడు, కష్టపడువాడు. పల్లె పంచాయతీ పెద్దల వద్దకు పోయి మర్యాదగా కూర్చుండి, వారు చెప్పిన జాబితాను ముత్యములవంటి అక్షరములతో వ్రాసి తెచ్చెను. స్థానికుల పెద్దరికమును గౌరవించితిమని మేమందరము సంతసించితిమి. బియ్యము, పాత్రలు, చాపలు సముద్రపుటొడ్డున పంచితిమి. ఛాయాపటములు తీసిరి. సాయంకాలము లారీ మరలు వేళ, దినకూలికి మూటలు మోయ వచ్చినవాడొకడు మా ప్రక్కకు వచ్చి నిలిచెను. చూచితిమి గదా, ఆ యువకుడే.

“అయ్యా, ఆ ఎనక కాలనీలో వాండ్లు ఈడికి రారు. మనమే ఆడికి పోవల్ల” అనెను. అచ్చముగా మా అవ్వ మాటలాడిన తెలుగు.

పల్లె వెనుక ఉప్పుకాలువ దాటి ఒక కాలనీ కలదు. అక్కడివారికి పడవలు లేవు. బెస్తల వలలు లాగియు, చేపల గంపలు మోసియు, పొలములలో కూలి చేసియు బ్రతుకువారు. సముద్రము వారి గుడిసెలను కొట్టుకొనిపోయినది. ఉప్పునీరు పొలములను చెరచినది గనుక కూలియు పోయినది. అయినను వారు బెస్తలు కారు గనుక బెస్తల పంచాయతీ జాబితాలో లేరు. ఒడ్డున పంచుచున్నారని విన్నను, పిలువని పేరంటమునకు రారు. వచ్చిన యెడల మాట పడవలసివచ్చునని వారికి తెలియును. 40కి పైగా ఇండ్లు. మేము ఆ పల్లెకు ఆరుమారులు పోయియుంటిమి. ఆ కాలువ దాటలేదు. అక్కడొక ముసలమ్మ మమ్ము చూచి, ఇన్నాళ్ళు ఆ జెండా వేసిన బండి మా వైపునకు తిరుగునని చూచుచునే యుంటినని తమిళమున చెప్పినది. ఆ మాటలో నిష్ఠురము లేదు. అదియే మమ్ము ఎక్కువగా బాధించినది.

మరునాడు మేము ఆ యువకుని వెంటబెట్టుకొని పోయి రెండవ జాబితా వ్రాసితిమి. అతడు కాగితము తీయలేదు. ముందుగా నీళ్ళకుళాయి వద్ద ఆడవారు చేరుచోట కూర్చుండెను. ఎవరింట ఎవరున్నారని అడుగక, ఇక్కడికి రానివారెవరని అడిగెను. మంచము పట్టినవారు, కడలిలో భర్త పోయి గడప దాటని స్త్రీలు, అనాథ బాలురు, ఒక్కొక్క పేరే బయటికి వచ్చినది. పట్టభద్రుడును కూడ వచ్చి ఒదిగి నేర్చుకొనెనని చెప్పుట మా ధర్మము. తప్పు అతనిది కాదు. అతనిని ఎన్నుకొని అట్లు పంపినవారిది. ఆ యువకుని మరునెలనుండి ఉద్యోగములోనికి తీసికొంటిమి. మార్కుల కాగితము సంగతి మేమెవరికి చెప్పలేదు. నేడే చెప్పుచున్నాము.

భాష వచ్చినచాలునని కొందరందురు. భాష లేనిదే మొదలే లేదు, నిజము. 1812లో చెన్నపట్టణమున సెంటు జార్జి కోట కళాశాలను స్థాపించినప్పుడు, దేశభాషలు నేర్వని దొర ఈ దేశమున పనికిరాడని ఎల్లిసు దొర గ్రహించెను. 1816లో కాంబెలు తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో తెలుగు, తమిళము, కన్నడము ఒక కుటుంబమువని నిరూపించినవాడు ఆయనయే. మా పాత జిల్లాకు పేరిచ్చిన రామనాథపురముననే 1819లో మరణించెను. బ్రౌను దొర ఆ కళాశాలలో చదివియే 1820లో కడప చేరెను. పరీక్షలు పెట్టి, బోధకుల నియమించి, మనుష్యులను తయారుచేయు పద్ధతి అట్లు రెండువందల యేండ్లనాడే మన యెదుట నడచినది. కాని ఆ కళాశాల తయారుచేసినది పాలకులను. పాలించుటకు భాష నేర్చినవాడు ఆజ్ఞ చెప్పుటకు నేర్చును. సేవించుటకు నేర్చువాడు వినుటకు నేర్వవలెను. పాఠ్యపుస్తకము ఒకటే కావచ్చును, చదువు వేరు.

దగ్గరితనము మోసము చేయుటయు కలదు. 2017 ఆగస్టు మొదలు బర్మానుండి లక్షలాది రోహింగ్యాలు బంగ్లాదేశపు కాక్సుబజారునకు శరణు వచ్చినప్పుడు, చిట్టగాంగు యాస తెలిసినవారిని దుబాసీలుగా పెట్టిరి. రెండును చాలవరకు ఒకటే యని అందరు తలచిరి. కాని వైద్యము, మానభంగము, మనోవ్యధ మొదలగు సున్నితపు విషయములలో మాటలు కలియక చిక్కులు వచ్చెను. ఇక దూరపు మాట చెప్పవలెనన్న, 2010 జనవరి 12న హైతీ దేశమున భూకంపము వచ్చిన పిమ్మట సహాయ సంస్థల సమావేశములు పెక్కు ఆంగ్లముననే జరిగినవి. ఆ దేశపు భాషలు క్రియోలు, ఫ్రెంచి. తమ దేశమును గురించిన ఆలోచనలో ఆ దేశస్థులే అతిథులైరి. స్థానిక సంస్కృతిని గౌరవింపవలెను, స్థానికుల శక్తిపై పని నిలుపవలెను అని రెడ్‌క్రాసు మున్నగు సంస్థలు 1994లోనే తమ పది నియమములలో వ్రాసికొనెను. నియమము గోడపై నుండును. దానిని పల్లెకు మోసికొనిపోవలసినవాడు మనిషి.

అట్టి మనిషి నెట్లు ఎన్నుకొనవలెను? మా అనుభవమున తెలిసినది కొంత. బల్లకు ఆవల కూర్చుండబెట్టి ప్రశ్నలడుగుట సగము పరీక్షయే. అభ్యర్థిని ఒక దినము ఒక పల్లెకు కొనిపోయి, సాయంకాలము ఏమి చూచితివని అడుగవలెను. తాను చెప్పినదంతయు వప్పగించువాడు ఒకడు. తాను విన్నది చెప్పువాడు మరొకడు. ఈ రెండవవాడు కావలెను. నీవు ఎన్నడైన ఒక మనిషిని పొరబాటుగా అర్థము చేసికొంటివా, ఎట్లు తెలిసినది అని అడుగవలెను. ఎన్నడును లేదనువానిని పంపరాదు. బండి తోలువానితో, వంటమనిషితో, ఊడ్చునామెతో అతడు ఎట్లు మాటలాడునో చూడవలెను. వారి యభిప్రాయమును కూడ అడుగవలెను. ఆంగ్లమునకు వేయు మార్కులు వేయవచ్చును గాని, ఆ పల్లె భాషకు, ఆ పల్లె నడకకు అంతకంటె ఎక్కువ వేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఎన్నుకొనువారి బల్ల వద్ద ఒకే వీధివారు కూర్చుండరాదు. మా బల్ల వద్ద ఆ కాలనీవారు ఒక్కరున్నయెడల మా నోట ఆ మాట వచ్చియుండదు.

ఎన్నుకొనిన పిమ్మట తీర్చిదిద్దుట మరింత ఓపిక గల పని. శివకాశి అచ్చుకూటములలో తెలుగు పంచాంగములు, గోడ క్యాలెండరులు అచ్చగుట మనము చూచుచునే యున్నాము. పనివారు తమిళులు, తెలుగు అక్షరమెరుగనివారే యెక్కువ. అక్షరము రూపమును చూచి పొల్లుపోకుండ కూర్తురు. కాని తిథి తప్పినదో లేదో ఎరిగినవాడొకడు ప్రూఫు దిద్దవలసినదే. పరదేశమునకు పోవు సేవకుడును అట్టివాడే. తన పనిని దిద్దగల స్థానికుడొకడు అతని ప్రక్కన నుండవలెను. దిద్దినప్పుడు కోపగింపక వినవలెను. ఆ దిద్దినవానికి దుబాసీ జీతమిచ్చి ఊరకుండక, అధికారమును ఇయ్యవలెను. కొన్ని దినములు ఆ ఊరి యింటనే ఉండి తినవలెను. అన్నిటికి మించి కాలము కావలెను. స్పెయిను దేశస్థుడగు విన్సెంటు ఫెర్రరు గారు మహారాష్ట్రమున పనిచేసి, 1968లో దేశము విడువవలసివచ్చి, 1969లో తిరిగి అనంతపురము చేరి, 2009 జూను 19న అక్కడనే కన్నుమూసిరి. నలువది యేండ్లు ఒక కరవు జిల్లాలో నిలిచిరి. మూడు మాసములకొకని మార్చు సంస్థకు ఆ నేల తన మాట చెప్పదు.

ఆ యువకుని సంగతి చెప్పి ముగించెదము. ఇప్పుడు అతడనుటకు నోరు రాదు; ఆయన అందుము. నాగపట్టణమున నాలుగేండ్లు పనిచేసి ఆంగ్లమును చక్కజేసికొనిరి. 2015 ఏప్రిలు 25న నేపాళమున భూకంపము వచ్చినప్పుడు ఒక సంస్థ ఆయనను అక్కడికి పంపినది. ఆ దేశపు భాష ఆయనకు రాదు. తిరిగి వచ్చిన పిమ్మట, అక్కడ మొదట ఏమి చేసితివని మేము అడిగితిమి. “ఏమి చేసేది అయ్యా, నీళ్ళ కాడికి పోయి కూసుంటి. రానోళ్ళు ఎవురని అడగమని పక్కనుండే పిలగానికి చెప్తి” అనిరి. నాడు మా బల్ల వద్ద మేమన్న మాటను గుర్తుచేసి క్షమింపుమంటిమి. నవ్వి, “రెండూ వేరే గాదయ్యా” అని మాత్రమే అనిరి.

తమిళనాడు పట్టణములలో వీధులూడ్చు పనివారిలో పలువురి యింటి భాష తెలుగే. మన పూర్వులతోపాటే వారి పూర్వులును ఈ దేశమునకు వచ్చిరని పెద్దలందురు. మన ఉగాది సభలకు చందాల పుస్తకము ఏ వీధులకు పోవుచున్నదో, ఏ కాలువ కడ నిలిచిపోవుచున్నదో మన సంఘ సభ్యులందరు ఒక్కమారు ఆలోచింపవలెనని మా ప్రార్థన. మన బిడ్డలు నేడు అరబ్బు దేశములకు, అమెరికాకు, ఆఫ్రికాకు పోవుచున్నారు. కొందరు సేవాసంస్థలలో చేరుచున్నారు. రెండు భాషలు వచ్చుట వారికి మనమిచ్చు సొత్తు. కాని తన ఊరిలో కాలువ దాటనివాడు సముద్రము దాటియు అదే యొడ్డున నిలుచును. ఈ మాట మా తప్పునుండి మేము నేర్చినది గనుక ధైర్యముతో చెప్పుచున్నాము.

ఈ సంచిక ప్రతి యొకటి ఆ కాలనీకి కూడ పోవలెను. అక్కడ తెలుగు లిపి చదువగలవారు లేకపోవచ్చును. మన యిండ్లలో మాత్రము ఎందరున్నారు? కావున ఎవరైన ఒకరు పోయి, కూర్చుండి, చదివి వినిపింపవలెను. తరువాత వారు చెప్పునది వినవలెను. మొదటి పరీక్ష అక్కడనే కలదు.